పిల్లలున్నవారు ఎక్కువ కాలం బతుకుతారన్న మాటను మాలాంటివారు ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: బ్రాడీపేట వాసి, గుంటూరు

అందరికీ నమస్కారం. నాకు 64 సంవత్సరాలు, నా భార్యకు 60. నేను ఒక ప్రభుత్వ శాఖలో జమాఖర్చులు చూసే ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందాను. మాకు సంతానం లేదు. ఆ విషయంలో పడవలసిన బాధ ముప్పై ఏళ్ల కిందటే పడ్డాము, చేయించుకోవలసిన పరీక్షలు కొత్తపేటలోనూ మద్రాసులోనూ చేయించుకున్నాము, మొక్కవలసిన దేవుళ్లందరికీ మొక్కాము. కనుక ఈ ప్రశ్న ఓదార్పు కోసం అడుగుతున్నది కాదని ముందే మనవి చేస్తున్నాను.

పోయిన నెల తెనాలిలో బంధువుల గృహప్రవేశానికి వెళ్లినప్పుడు, భోజనాల దగ్గర మా బావమరిది ఫోనులో ఏదో చదువుతూ, "పిల్లలున్నవాళ్లు రెండేళ్లు ఎక్కువ బతుకుతారట బావా, స్వీడన్ వాళ్లు లెక్క తేల్చారు" అని అందరూ వినేలా అన్నాడు. అతని మనసులో చెడు లేదు, అతని నోరే అంత. నేను నవ్వి ఊరుకున్నాను కాని నా భార్య నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో నారాకోడూరు దాటిన తరువాత ఆమె, "ఆ రెండేళ్లు మీకా, నాకా, ఇద్దరికీ కలిపా?" అని అడిగింది. ముప్పై నాలుగేళ్లు అంకెలతో కాపురం చేసిన నాకు ఆ ప్రశ్నకు జవాబు తెలియలేదు.

ఆమె ప్రశ్నతో పాటు నాకు మరో సందేహం కూడా ఉంది. ఆయుష్షును పెంచేది బిడ్డను కనడమా, లేక బిడ్డ ఉన్న ఇంట్లో మామూలుగా జరిగే మరేదైనా విషయమా? మొదటిదైతే మేము చేయగలిగింది ఏమీ లేదు. రెండోదైతే అదేమిటో తెలిస్తే మరో దారిలో సమకూర్చుకోవచ్చునేమోనని ఆశ. తెలిసినవారు వివరించగలరు.


జవాబు: సత్యనారాయణపురం మాస్టారు, విజయవాడ

మీ శ్రీమతిగారు అడిగినది గణాంకశాస్త్రం చదువుకున్నవారు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న. ముప్పై ఏళ్లు ఆ శాస్త్రాన్ని డిగ్రీ పిల్లలకు బోధించినవాడిగా, నా విద్యార్థులలో ఆ ప్రశ్న వేసినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చునని ఒప్పుకుంటున్నాను.

మీ బావమరిదిగారు చదివినది 2017లో వెలువడిన స్వీడన్ పరిశోధన గురించి అయి ఉండాలి. 1911 నుంచి 1925 మధ్య పుట్టి స్వీడన్‌లో నివసించిన 14 లక్షలకు పైగా స్త్రీ పురుషులను, అరవై ఏళ్లు నిండినప్పటి నుంచి ప్రభుత్వ రికార్డుల ద్వారా గమనించి చేసిన పని అది. అరవై ఏళ్ల వయసులో ఇంకా ఎన్నేళ్లు బతుకుతారన్న సగటు అంచనాలో, కనీసం ఒక బిడ్డ ఉన్న పురుషులకూ పిల్లలు లేని పురుషులకూ మధ్య తేడా రెండేళ్లు. స్త్రీలలో ఆ తేడా ఏడాదిన్నర. అంటే రెండేళ్లు పురుషుల లెక్క, ఏడాదిన్నర స్త్రీల లెక్క, రెండింటినీ కలపడానికి వీలులేదు. ఎనభై ఏళ్లకు వచ్చేసరికి, పిల్లలున్న పురుషులు సగటున మరో 7 సంవత్సరాల 8 నెలలు, లేనివారు 7 సంవత్సరాలు బతుకుతారని తేలింది. స్త్రీలలో ఇవి 9 సంవత్సరాల 6 నెలలు, 8 సంవత్సరాల 11 నెలలు.

రెండేళ్ల తేడా ఎనిమిది నెలలకు తగ్గింది కదా, వయసు పెరిగేకొద్దీ పిల్లల ప్రభావం తగ్గుతున్నదేమో అని ఇక్కడ చాలామంది పొరపడతారు. నిజానికి జరుగుతున్నది దానికి తలకిందులు. ఒక ఏడాదిలో మరణించే అవకాశాన్ని విడిగా చూస్తే, అరవై ఏళ్ల పురుషులలో పిల్లలున్నవారికీ లేనివారికీ మధ్య తేడా 0.06 శాతం మాత్రమే, అంటే పదివేల మందిలో ఆరుగురు. తొంభై ఏళ్ల వయసులో అదే తేడా 1.47 శాతం, అంటే పదివేల మందిలో నూట నలభై ఏడుగురు. నడవవలసిన దారి తక్కువగా మిగిలింది కనుక మొత్తం నెలల తేడా చిన్నదిగా కనిపిస్తున్నది కాని, ఏడాదికి ఏడాది పడే తేడా మాత్రం ముసలితనంతో పాటే పెరుగుతున్నది. నా దృష్టిలో ఆ పరిశోధనలో అన్నిటికంటే విలువైన విషయం ఇదే. ఎందుకంటే, బిడ్డను కనడం వల్ల శరీరంలో వచ్చే మార్పే ఆయుష్షుకు కారణమైతే, దాని ఫలితం కని ముప్పై నలభై ఏళ్లు గడిచాక తగ్గాలే తప్ప, పురుషులలో సైతం తొంభయ్యో ఏట పెరగడానికి కారణం కనిపించదు. మనిషికి మరో మనిషి అవసరం పడే వయసులోనే ఈ తేడా పెరుగుతున్నది. పరిశోధకులు కూడా ముసలితనంలో అందే ఆసరా ఒక కారణం కావచ్చునని అన్నారే తప్ప, అదే కారణమని తీర్పు చెప్పలేదు. పిల్లలు కొడుకులా కూతుళ్లా అన్నదాని వల్ల తేడా కనిపించలేదని, పెళ్లిబంధంలో లేని పురుషులలో ఈ తేడా కొంచెం ఎక్కువగా ఉన్నదని కూడా వారు గమనించారు. మీ పక్కన మీ శ్రీమతిగారు ఉన్నారు కనుక, ఆ రెండేళ్లను యథాతథంగా మీ ఖాతాలో ఖర్చు రాసుకోనవసరం లేదు.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ కాలపు స్వీడన్‌లో పిల్లలు లేకుండా ఉండిపోయినవారిలో, చిన్నప్పటి నుంచి ఆరోగ్యం సరిగా లేనివారు, సంపాదన లేక పెళ్లికే నోచుకోనివారు కూడా కలిసి ఉంటారు. చదువునూ పెళ్లినీ లెక్కలోకి తీసుకున్నా, ఇటువంటి తేడాలన్నిటినీ అంకెలతో తుడిచివేయడం సాధ్యం కాదు. మన గుంటూరు, కృష్ణా జిల్లాలలో మీ తరానికి పెళ్లి కాకపోవడమే అరుదు, పెళ్లయిన తరువాత పిల్లలు వద్దనుకోవడం మరీ అరుదు. కనుక ఇక్కడ పిల్లలు లేనివారు అంటే చాలావరకు కావాలనుకున్నా కలగనివారు. స్వీడన్ గుంపు వేరు, మీ గుంపు వేరు. అక్కడి సగటును ఇక్కడికి తెచ్చి అతికించడం, తెనాలి తూకంతో చీరాలలో సరుకు లెక్కగట్టడం వంటిది.

మీకు దగ్గరగా ఉండే గుంపును డెన్మార్క్ వారు చూశారు. పిల్లల కోసం టెస్ట్‌ట్యూబ్ చికిత్సకు వెళ్లిన ఇరవై ఒక్క వేల జంటలకు పైగా తీసుకుని, పిల్లలు కలిగినవారిని, కలగనివారిని పోల్చారు. అందరూ పిల్లలను కోరుకున్నవారే కనుక ఈ పోలిక కొంత న్యాయమైనది. అందులో తమ కడుపున బిడ్డ పుట్టిన స్త్రీలతో పోలిస్తే పుట్టనివారిలో మరణాల రేటు నాలుగు రెట్లు, పురుషులలో సుమారు రెండు రెట్లు ఉన్నదని తేలింది. ఈ "నాలుగు రెట్లు" విని గుండెలు బాదుకోకండి. వారంతా వయసులో ఉన్నవారు కనుక, గమనించిన కాలమంతటిలో మరణించిన స్త్రీలు వందలోపే, పురుషులు రెండు వందల పైచిలుకు. చిన్న అంకెలను గుణిస్తే పెద్ద రెట్లు వస్తాయి. పైగా, మధ్యలో ఏదైనా పెద్ద జబ్బు బయటపడి చికిత్స మానుకున్నవారు పిల్లలు లేనివారి జాబితాలోనే మిగిలిపోతారు కదా.


జవాబు: కొత్తపేట వైద్యుడు, గుంటూరు

మాస్టారు అంకెల సంగతి వివరించారు కనుక నేను శరీరం సంగతి, ఆ తరువాత నా ఓపీలో రోజూ చూసే సంగతి చెబుతాను.

కాన్పులు తల్లి ఆయుష్షును తింటాయన్న వాదన కూడా శాస్త్రంలో చాలాకాలంగా ఉన్నది. శరీరం తన శక్తిని సంతానానికి పెడితే తన మరమ్మతుకు తక్కువ మిగులుతుందన్నది దాని సారాంశం. 1998లో బ్రిటిష్ ప్రభువుల వంశావళులను తిరగేసి, ఎక్కువ కాలం బతికిన స్త్రీలకు పిల్లలు తక్కువని చూపారు; అయితే పాత వంశావళులలో పిల్లల వివరాలు సరిగా నమోదు కాలేదని తరువాత విమర్శ వచ్చింది. 2006లో పోలండ్ పల్లెల రికార్డులు చూసినవారు, కొడుకైనా కూతురైనా ఒక్కొక్క బిడ్డకు తల్లి ఆయుష్షు సగటున 95 వారాలు తగ్గిందని, తండ్రికి మాత్రం ఒక్కొక్క కూతురికి 74 వారాలు పెరిగిందని రాశారు. ఈ సంగతి నేను మా ఇంట్లో చెప్పినప్పుడు, ఇద్దరు కూతుళ్ల తల్లి అయిన నా భార్య నా వైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించలేను. ఇవన్నీ వరుస కాన్పులు, అరకొర తిండి ఉన్న సమాజాల కథలు. రెండో కాన్పుతోనే ఆపరేషన్ చేయించుకునే మన ఆంధ్ర స్త్రీలకు వీటిని వర్తింపజేయడం సరికాదు. నార్వేలో 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, నడి వయసు దాటినవారిలో పిల్లలు లేనివారికి, ఆ తరువాత ఒకే బిడ్డ ఉన్నవారికి మరణాల రేటు ఎక్కువగా ఉన్నదని, ఈ తీరు స్త్రీలలోనూ పురుషులలోనూ దాదాపు ఒకేలా ఉన్నదని తేలింది. మగవాడు కాన్పు పడడు కదా. అతనిలో కూడా అదే తీరు కనిపిస్తున్నదంటే, కారణాన్ని గర్భసంచిలో కాకుండా ఇంట్లో, అలవాట్లలో వెదకాలి.

శరీరానికి సంబంధించి మాత్రం ఒక్క విషయం మీ శ్రీమతిగారికి తప్పక చెప్పండి. కాన్పులు, పాలివ్వడం రొమ్ము, అండాశయ, గర్భాశయ క్యాన్సర్ల అవకాశాన్ని కొంత తగ్గిస్తాయి. పిల్లలు లేనివారికి ఆ రక్షణ ఉండదు. భయపడవలసినంత తేడా కాదు కాని, ఆమె ఇంతవరకు మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) చేయించుకోకపోతే చేయించండి. నెలసరి ఆగిపోయిన తరువాత ఎప్పుడైనా రక్తం కనిపిస్తే, అది ఒక్క చుక్కే అయినా, "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకోకుండా ఆ వారంలోనే గైనకాలజిస్టును కలవాలి.

ఇక నా ఓపీ సంగతి. డెబ్బై ఐదేళ్లు దాటినవారు మా దగ్గరకు వచ్చేటప్పుడు వారి ప్రాణం ఎక్కువగా ఆధారపడేది జబ్బు పేరు మీద కాదు, ఎన్నో రోజున వచ్చారన్నదాని మీద. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ముసలివారికి జ్వరం రాకపోవచ్చు. మాట తడబడుతుంది, వేళకాని వేళ నిద్రపోతారు, అన్నం వద్దంటారు. ఒంట్లో సోడియం తగ్గినా అంతే. ఎండాకాలంలో గుంటూరు వేడికి నీళ్లు చాలక కళ్లు తిరిగి పడి తుంటి ఎముక విరిగితే, మూడు రోజులు మంచం మీద ఉన్న తరువాత ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది. ఒకే బీపీ మాత్ర రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీలలో ఉంటే రెండూ మింగుతున్నవారిని నెలకు ఇద్దరినైనా చూస్తాను. ఇవేవీ రోగి తనంతట తాను కనిపెట్టగలిగినవి కావు. "మొన్నటికీ ఇవాళ్టికీ నాన్నలో తేడా కనిపిస్తోందండీ" అని చెప్పే మనిషి ఒకరు కావాలి. మొన్న ఎలా ఉన్నారో తెలిసినవారే ఆ మాట చెప్పగలరు. స్వీడన్ అంకెలలో తొంభయ్యో ఏట కనిపించిన తేడాకు కారణం ఇదేనని నేను నిరూపించలేను కాని, ఎక్కువ భాగం ఇదేనని నా నమ్మకం.


జవాబు: పటమట అమ్మ, విజయవాడ

డాక్టరుగారి మాటలకు నాదొక చేర్పు, ఒక అభ్యంతరం. మాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ అమెరికాలోనే. మా వీధిలో పదకొండు ఇళ్లు ఉంటే ఏడింటిలో మాలాంటి దంపతులే, కాదంటే ఒంటరివారే ఉన్నారు. ఆ స్వీడన్ లెక్కలో మేము "పిల్లలున్నవారు" అనే గడిలోకి వస్తాము. మా వీధిలో రాత్రి పదింటికి ఎవరికైనా ఆయాసం వస్తే ఆ గడి లేచి వచ్చి ఆటోను పిలవదు.

అలాగని పిల్లల వల్ల ప్రయోజనం లేదని అంటే అబద్ధమే అవుతుంది. రెండేళ్ల కిందట ఒక ఆదివారం రాత్రి మా అమ్మాయి ఫోను చేసి వాళ్ల నాన్నతో మాట్లాడుతూ, మధ్యలో నన్ను పిలిచి, "అమ్మా, నాన్న మాట ముద్దగా వస్తోంది, నోరు ఒకపక్కకు వెళుతోందేమో చూడు" అన్నది. నేను అదే గదిలో కూర్చుని బత్తాయిలు ఒలుస్తున్నాను, నాకు తెలియలేదు. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలని నాకు ఆ రాత్రే తెలిసింది. కనిపెట్టినది పదివేల మైళ్ల దూరంలో ఉన్న కూతురు. కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపినది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, పై అంతస్తులో అద్దెకు ఉన్న బ్యాంకు కుర్రవాడు. సూర్యారావుపేటలో ఆసుపత్రి వారికి ముందుగా ఫోను చేసి పెట్టినది ఆ కుర్రవాడి భార్య. ఈ నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా మావారు ఇవాళ ఊతకర్రతోనైనా నడిచేవారు కాదు. కనుక పిల్లలున్నారా లేరా అన్న ఒక్క ప్రశ్నతో ఈ విషయాన్ని కొలవలేమని నా ఉద్దేశం.

చేర్పు ఏమిటంటే, సోదరా, మీరు వేయవలసిన లెక్క మరొకటి ఉన్నది. మీ ఇద్దరికీ నాలుగేళ్ల తేడా అన్నారు. ఆడవారు మగవారికంటే సగటున కొన్నేళ్లు ఎక్కువ బతుకుతారు. ఈ రెండూ కలిపితే, మీ తరువాత మీ శ్రీమతి ఒంటరిగా గడపవలసిన కాలం ఆరేడేళ్లు కావచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చు. ఆ రెండేళ్లు మీకా నాకా అని ఆమె అడిగినప్పుడు, ఆమె మనసులో ఉన్నది మీ బావమరిది చెప్పిన రెండేళ్లు కాకపోవచ్చునని నాకు అనిపిస్తున్నది. మా వీధిలోని ఒంటరివారందరూ ఆడవారే.


జవాబు: పొన్నూరు రోడ్డు

పుత్ అనే నరకం నుంచి తప్పించేవాడు పుత్రుడని మా తాతగారు చెప్పేవారు. నేను చూసినదొకటి చెబుతాను. మా పెద్దమ్మకు నలుగురు కొడుకులు. పెదనాన్న పోయిన తరువాత వారు తల్లిని మూడేసి నెలల చొప్పున వంతులు వేసుకున్నారు. ఎవరూ తిండికి లోటు చేయలేదు, ఎవరూ దుర్మార్గులు కారు. పొన్నూరు, బాపట్ల, చిలకలూరిపేట, మళ్లీ గుంటూరు అంటూ ఆవిడ ఒక సంచి చేత పట్టుకుని తిరిగేది. ప్రతి ఊళ్లోనూ కొత్త డాక్టరు, ప్రతి డాక్టరూ పాత చీటీ పక్కనపెట్టి కొత్త చీటీ రాయడం. చివరి ఏడాది ఆవిడ సంచిలో ఎన్ని రకాల మాత్రలు ఉన్నాయో నలుగురిలో ఒక్కరికీ తెలియదు. మొన్న ఎలా ఉన్నదో తెలిసిన మనిషి కావాలని డాక్టరుగారు అన్నారే, నలుగురు కొడుకులు ఉండి కూడా పెద్దమ్మకు ఆ మనిషి లేడు. నాకు తెలిసినది ఇంతే.


జవాబు: విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, గుంటూరు

పిల్లలు లేనివారికి చట్టంలో ఉన్న ఒక సదుపాయం చాలామందికి తెలియదు కనుక క్లుప్తంగా చెబుతాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అరవై ఏళ్లు నిండి, పిల్లలు లేనివారు, తమ ఆస్తిని ఇప్పటికే అనుభవిస్తున్న లేదా తమ తరువాత వారసత్వంగా పొందబోయే బంధువు నుంచి పోషణ ఖర్చు కోరవచ్చు. అర్జీ ఆర్డీవో లేదా సబ్ కలెక్టరు అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. వకీలు అవసరం లేదు. ఆస్తిని తమ్ముడి కొడుకుకో, మేనల్లుడికో గిఫ్టు డీడు రాయదలచుకుంటే, "నా కనీస అవసరాలు, వైద్యం చూసుకోవాలి" అన్న షరతు డీడులోనే రాయించండి. షరతు రాసి ఉంటే, వారు చూడనప్పుడు 23వ సెక్షన్ కింద ఆ డీడును రద్దు చేయించుకోవడం తేలిక. నోటిమాట మీద నమ్మి రాసిచ్చినవారు మా కార్యాలయపు వరండాలో కూర్చుని ఎదురుచూడటం నేను ఎన్నో ఏళ్లు చూశాను. వృద్ధుల కోసం 14567 అనే సహాయ ఫోను నంబరు కూడా ఉన్నది, రాసి పెట్టుకోండి.

ఇది ఆయుష్షు ప్రశ్నకు సూటి జవాబు కాదని నాకు తెలుసు. కాని మందులకు డబ్బు లేక మానేసినవారికి, ఎవరూ లేక మానేసినవారికి ఫలితం ఒకటే.


బ్రాడీపేట వాసి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన అంకెలను నేను కాగితం మీద రాసి నా భార్యకు వినిపించాను. పటమట అమ్మగారి మాటలు చదివినప్పుడు మాత్రం ఆమె కాగితం తీసుకుని తానే మరోసారి చదువుకుని, "నేను అడిగింది ఇదే" అన్నది. ముప్పై ఆరేళ్ల కాపురంలో నేను ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకోవడం ఇది మొదటిసారి కాదు.

మాస్టారిని మరొకటి అడగాలని ఉన్నది. నా భార్య సాయంత్రాలు మా లైనులోని పిల్లలు ఏడెనిమిది మందికి ఉచితంగా లెక్కలు చెబుతుంది. వారి తల్లులు వంట కుదరని రోజున పిల్లలను మా ఇంట్లోనే వదిలి వెళతారు. కన్నపిల్లలు కాని పిల్లలతో గడపడం వల్ల పెద్దవారి ఆరోగ్యంలో తేడా ఉంటుందా అని ఎవరైనా చూశారా?


జవాబు: సత్యనారాయణపురం మాస్టారు, విజయవాడ

చూశారు. బెర్లిన్‌లో 70 ఏళ్లు దాటిన ఐదు వందల మందికి పైగా వృద్ధులను ఇరవై ఏళ్లపాటు గమనించిన వివరాలతో 2017లో ఒక వ్యాసం వచ్చింది. మనవలను అప్పుడప్పుడు చూసుకునే తాతయ్యలు, అమ్మమ్మలలో సగం మంది మొదటి ఇంటర్వ్యూ తరువాత పదేళ్లకు కూడా బతికి ఉన్నారు. చూసుకోనివారిలో సగం మంది ఐదేళ్లలోపే పోయారు. మీకు కావలసినది దాని తరువాతి వాక్యంలో ఉన్నది. పిల్లలు లేకపోయినా స్నేహితులకో ఇరుగుపొరుగుకో సాయపడుతూ వచ్చినవారు సగటున ఏడేళ్లు, ఎవరికీ సాయపడనివారు నాలుగేళ్లు బతికారు.

ఇక్కడా కార్యకారణాల చిక్కు ఉండనే ఉన్నది: ఒంట్లో ఓపిక ఉన్నవారే సాయపడగలరు కదా. ఆరోగ్యాన్ని లెక్కలోకి తీసుకున్నామని పరిశోధకులు చెప్పారు, అయినా పూర్తిగా వేరు చేయడం కష్టమే. మరొక సంగతి ఏమిటంటే, పిల్లల పెంపకమంతా తమ మీదే పడినవారిని ఆ లెక్కలోకి తీసుకోలేదు. కాన్పు పేరుతో ఆరునెలలు అమెరికా వెళ్లి, గడప దాటకుండా వంట, పసిబిడ్డ పని చేసి, మోకాళ్ల నొప్పులతో తిరిగి వచ్చే మన అమ్మమ్మలకు ఈ లాభం ఎంత దక్కుతుందో నాకు అనుమానమే. మీ శ్రీమతిగారు చేస్తున్నది సాయంత్రం రెండు గంటల పని, అలసట తెలిస్తే మానుకోగలిగిన పని. ఆమె దానిని కొనసాగించవచ్చు. అయితే ఆయుష్షు కోసం చెబుతున్నానని మాత్రం ఆమెతో అనకండి.


జవాబు: కొత్తపేట వైద్యుడు, గుంటూరు

మాస్టారితో ఏకీభవిస్తున్నాను. ఒక చిన్న అడుగు మాత్రం ఈ వారంలోనే వేయండి. మీ ఇద్దరి మందుల పేర్లు, మోతాదులు, ఇదివరకు అయిన ఆపరేషన్లు, పడని మందులు ఒకే కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మీ ఇంటి తాళంచెవి ఒకటి అదే భవనంలో ఉండేవారి దగ్గర ఉంచండి. స్నానాలగదిలో పడినవారిని తలుపు పగలగొట్టి తీయడానికి పట్టే సమయం ఎంత విలువైనదో నేను చూశాను. ఆ తాళంచెవి తీసుకునేవారు మీకంటే కనీసం ఇరవై ఏళ్లు చిన్నవారై ఉండాలి. ఒకే వయసువారు ఒకరికొకరు కాపలా కాస్తే కొన్నాళ్లకు ఇద్దరికీ కాపలా కావలసి వస్తుంది.


బ్రాడీపేట వాసి

కాగితం రాసి అంటించాము. రాస్తుంటేనే, డాక్టరుగారు రెండేళ్ల కిందట ఆపమన్న ఒక మాత్రను నేను ఇప్పటికీ వేసుకుంటున్నానని బయటపడింది. దాని గురించి సోమవారం మా డాక్టరుగారిని అడుగుతాను. తాళంచెవి విషయంలో మా ఇద్దరి మధ్య చిన్న వాదన జరిగింది. నేను కింది అంతస్తులోని నా మిత్రుడి పేరు చెప్పాను, ఆయనకు 67. నా భార్య మాత్రం పై ఇంట్లో ఉండే లెక్చరర్ దంపతుల పేరు చెప్పింది. వారి అబ్బాయి ఆమె దగ్గర లెక్కలు చెప్పించుకునేవాడే. డాక్టరుగారి ఇరవై ఏళ్ల నిబంధన ఆమె పక్షాన ఉన్నది కనుక తాళంచెవి పైకే వెళ్లింది. మరునాడు వారు కూడా తమ తాళంచెవి తెచ్చి మాకిచ్చి, ఊరెళ్లినప్పుడు మొక్కలకు నీళ్లు పోయమన్నారు.

ఇంటి జమాఖర్చులు, బ్యాంకు పాసుపుస్తకాలు, కుటుంబ పింఛను కాగితాలు ఇంతకాలం నేనొక్కడినే చూసుకున్నాను. వచ్చే ఆదివారం నుంచి వారానికి ఒక గంట ఆమెకు అవన్నీ చూపించాలని నిర్ణయించాము. మామోగ్రామ్‌కు బుధవారం రమ్మన్నారు.